ప్రేయర్‌లో పడిపోయిన పిల్ల, ఎవరికీ చెప్పొద్దన్న మాట

చిత్తూరు జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచరు రాసిన పెద్ద ఉత్తరం ఇది. మండలం పేరు, పిల్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా చెబుతాను. సైన్సు మేడం కదా అని ఆవిడ పేరునే బడిలో హెల్త్ అండ్ వెల్‌నెస్ టీచరుగా కూడా రాసేశారు. ఒకరోజు ప్రేయర్‌లో, ప్రతిజ్ఞ చదువుతుండగా, తొమ్మిదో తరగతి అమ్మాయి నిలబడ్డ చోటే కూలిపోయింది. పీఈటీ సార్ ఎత్తుకొచ్చి స్టాఫ్‌రూమ్ బెంచీ మీద పడుకోబెట్టారు. తేరుకున్నాక పొద్దున ఏం తిన్నావని అడిగితే "టీ తాగినాను మేడం" అంది. ఆ పిల్ల నాలుగున్నరకే లేచి, రెండు ఆవుల పాలు పిండి, కేంద్రంలో పోసొచ్చి, ఏడుంబావుకి ఆటో ఎక్కుతుంది. బడికొచ్చాక సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగదు, తాగితే బాత్రూమ్‌కు వెళ్లాలి, అక్కడ తలుపుకు గడియ లేదు, ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. నెలసరి రోజుల్లో అసలు బడికే రాదు. కదిలించి చూస్తే క్లాసులో చాలామంది ఆడపిల్లల కథ ఇదేనని తేలింది. ఐరన్ మాత్రలైతే ప్రహరీ అవతల పారేస్తున్నారు, వానకు కరిగి గోడ వెనక మట్టిలో నీలం మరకలు కనిపించాయని రాశారు.

హెడ్‌మాస్టర్ గారికి చెబితే "పదో తరగతి రిజల్ట్ ఎంతని అడుగుతారు గానీ, టాయిలెట్ గడియ సంగతి నన్నెవరూ అడగరు మేడం" అన్నారట. మాత్ర వేసుకుని కూతురు వాంతి చేసుకుందని ఒక తండ్రి బడికొచ్చి, మా పిల్లకేమన్నా అయితే పూచీ మీదేనని కేకలేసి వెళ్లాడు. ఇవన్నీ ఒక ఎత్తయితే, ఒక సాయంత్రం ల్యాబ్ సామాన్లు సర్దుతూ వెనకుండిపోయిన ఆ తొమ్మిదో తరగతి పిల్లే చెప్పిన మాట ఇంకో ఎత్తు. "పది అయిపోతానే మా మామకిచ్చి చేస్తారంట మేడం. నాకు చదవాలనీ లేదు, బతకాలనీ లేదు. ఎవరికీ చెప్పనని ఒట్టేయండి." ఈవిడ ఒట్టేశారు. అప్పట్నుంచి సరిగ్గా నిద్రలేదు. ఇంట్లో భర్త "ఊళ్లోవాళ్ల సంగతులు నీకెందుకు, జీతానికి పాఠం చెప్పుకో" అంటున్నారు. ఒట్టు నిలబెట్టుకోవాలా, ఎవరికైనా చెప్పాలా, అసలు ఈ వెల్‌నెస్ బాధ్యత వద్దని రాసిచ్చేయాలా అని ఆవిడ ప్రశ్న.

టీచర్ గారూ,

ముందు ఆ ఒట్టు సంగతి, మిగతావి ఒకట్రెండు రోజులు ఆగుతాయి. ఆ నిమిషంలో మీరు ఒట్టేశారంటే ఎవరూ తప్పుపట్టరు, వేయకపోతే పిల్ల ఇంకేమీ చెప్పేది కాదు. కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి లేదు. ఈ కాలం పిల్లలు ఊరికే అలా అంటుంటారని స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా తేలిగ్గా తీసేస్తే వినకండి. అలసటతో అన్న మాటే కావచ్చు, కాకపోవచ్చు, ఏదన్నది మనం ఊహించి తేల్చలేం, ఆ పిల్లనే అడగాలి. పక్కన కూర్చోబెట్టుకుని సూటిగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా, ఎప్పట్నుంచి, ఏమన్నా చేసుకోవాలని అనుకున్నావా అని. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. అలా పుట్టదు, ఒకరైనా అడిగారన్న ఊరట దొరుకుతుంది. చేసుకోవాలనుకున్నానని చెబితే మాత్రం ఆ పూట తనను ఒంటరిగా ఆటో ఎక్కించకండి, అమ్మను పిలిపించి ఆమె చేతికి అప్పగించండి, ఇంట్లో పొలానికి కొట్టే మందులుంటే ఆ రోజే తాళంలో పెట్టమని చెప్పండి, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లే ఏర్పాటు చూడండి. చిత్తూరు జిల్లా ఆసుపత్రికైనా, తిరుపతి రుయాకైనా.

టెలీ మానస్ అని 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్ల చేత మాట్లాడించడానికి ముందు మీరే ఒకసారి చేసి, ఇలాంటి పిల్లతో ఎలా మాట్లాడాలి అని అడగండి. టీచర్లు కూడా చేయొచ్చు, మీకిప్పుడు అది అవసరం కూడా.

ఇక ఒట్టు దాటే పద్ధతి ముఖ్యం. తనకు తెలియకుండా ఇంకొకరికి చెబితే ఆ పిల్ల మళ్లీ ఏ పెద్దవాళ్ల దగ్గరా నోరు విప్పదు. ముందు తనకే చెప్పండి: "నీకు మాటిచ్చాను, కానీ నీ ప్రాణం విషయంలో ఒక్కదాన్నే మోయలేను, ఇంకొకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెబితే నీకు ఫరవాలేదో నువ్వే చెప్పు." అమ్మ కావచ్చు, అవ్వ కావచ్చు, పెళ్లయిన అక్క కావచ్చు. కోపమొస్తే రానివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఎవరికి చెప్పాలో ఎంచుకునే వీలు తనకుంటే మీ మీద నమ్మకం పూర్తిగా పోదు.

పెళ్లి విషయంలో మీ ముందు ఒకటి కంటే ఎక్కువ దారులే ఉన్నాయి, దేని కష్టం దానిదే. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18 నిండకుండా పెళ్లి చేయడం నేరం, మేనరికమైనా సరే. ముహూర్తం పెట్టేశారనో, తాంబూలాలు మార్చుకున్నారనో తెలిస్తే ఇంక ఆలోచించేదేమీ లేదు, పిల్లల సాయం నంబరు 1098కి చెప్పండి, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ వాళ్లకు చెప్పండి. ఇంకొకటి, ఆ మామ ఇంటికొచ్చిపోతూ ఇప్పటికే చెయ్యి వేస్తున్నాడని పిల్ల నోట వస్తే అది పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కిందికి వస్తుంది, 2012 నాటి ఆ చట్టం తెలిసినవాళ్లు చెప్పి తీరాలంటుంది, అక్కడ మీకు ఎంపికే లేదు. కానీ మీ ఉత్తరాన్ని బట్టి ఇది ఇంకా ఇంట్లో నడుస్తున్న మాటగానే ఉంది. ఈ దశలో నేరుగా ఫిర్యాదు చేస్తే అధికారులు ఇంటికెళ్తారు, ఊరంతా తెలుస్తుంది, ఎవరు చెప్పారో గంటలో తేలిపోతుంది. అప్పుడు పిల్లను బడి మాన్పించి చుట్టాలింటికి పంపేసే ప్రమాదం ఉంది. పైగా మామ అంటే ఆ తల్లికి సొంత తమ్ముడో అన్నో, పుట్టింటికీ కూతురికీ మధ్య ఆవిడ నలిగిపోతుంది.

అందుకని నేనైతే తల్లితో మొదలుపెట్టమంటాను, పిల్ల ఒప్పుకుంటేనే. పిలవడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు, పిల్ల పడిపోయింది కదా, రక్తపరీక్ష చేయించాలని పిలవండి, అది నిజమే కాబట్టి మీకూ ఇబ్బంది ఉండదు. ముందు ఆరోగ్యం మాట్లాడండి. రెండో మాటగా, పది తర్వాత ఏం చదివిద్దామనుకుంటున్నారని అడిగి ఊరుకోండి, ఆవిడ చెప్పేది వినండి. చాలా ఇళ్లల్లో ఈ పెళ్లి మాట వెనకున్నది భయం: ఇంటర్ కాలేజీ దూరం, బస్సు సరిగ్గా రాదు, ఎవడో వెంటపడతాడు, ఫీజు కట్టలేం. చట్టం చెబితే ఆ భయం పోదు, దారి చూపిస్తే తగ్గుతుంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ దాకా హాస్టల్‌తో పాటు చదువుంది. తిరుపతిలో టీటీడీ వాళ్ల పద్మావతి మహిళా జూనియర్ కాలేజీ ఉంది, మన జిల్లా పల్లెల నుంచి ఎంతమంది అక్కడ చదువుకున్నారో మీకు తెలియంది కాదు. ఆ కాగితాలు ముందే తెప్పించి పెట్టుకుని ఆవిడ చేతిలో పెట్టండి.

"ఊరికే అనుకున్న మాట మేడం" అని తల్లి తేల్చేయొచ్చు. అప్పుడూ వదిలేయకండి. సచివాలయంలో ఏఎన్‌ఎం ఉంటారు, మహిళా పోలీసు ఉంటారు, వాళ్లను బడికి పిలిచి ఎనిమిది, తొమ్మిది, పది ఆడపిల్లలందరికీ, వీలైతే తల్లులకు కూడా, వయసు గురించి, చట్టం గురించి చెప్పించండి. ఏ ఒక్క పిల్ల పేరూ ఎత్తకుండా చెప్పించండి. ఇల్లు చేరాల్సిన మాట చేరుతుంది, మీ పిల్ల బయటపడదు.

ఇక కళ్లు తిరగడం. ఖాళీ కడుపున టీ, రాత్రి నుంచి సరిగ్గా నీళ్లు లేవు, ఎండలో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడటం, ఈ మూడూ చాలు ఎవరైనా పడిపోవడానికి. దాని కింద రక్తహీనత కూడా ఉండే అవకాశం ఎక్కువ. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందికి దాదాపు ఆరుగురు రక్తహీనతతో ఉన్నారని తేలింది. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూడమనండి. ఈ వయసు ఆడపిల్లకు 12 గ్రాములు ఉండాలి, 8 కంటే తగ్గితే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. నెలసరి వారం దాటి సాగుతోందా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తోందా అని మీరే విడిగా అడగండి, అవునంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పించండి, చాలామంది పిల్లలు అందరికీ అంతే అనుకుని చెప్పరు. ప్రేయర్‌లో ఎవరైనా మళ్లీ పడిపోతే చుట్టూ గుంపు చేరనివ్వకండి, నీడలో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, పూర్తిగా తెలివొచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి. కళ్లు తిరుగుతున్నట్టు అనిపిస్తే అడక్కుండానే కూర్చోవచ్చని పిల్లలందరికీ ముందే చెప్పి ఉంచండి, సగం మంది తిడతారనే భయంతో నిలబడి పడిపోతారు.

నీలం మాత్ర వారానికొకటి ఇచ్చేది రక్తం తగ్గకుండా చూసుకోవడానికి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఇప్పటికే తగ్గిపోయిన పిల్లకు అది చాలదు, డాక్టరు రోజూ వేసుకునే మోతాదు రాస్తారు. పిల్లలు పారేయడానికి కారణాలు మీకూ తెలుసు: ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, మర్నాడు విరేచనం నల్లగా రావడం, పెళ్లయ్యాక పిల్లలు పుట్టరని ఎవరో అన్న మాట. మాత్ర ఎప్పుడిస్తున్నారో చూడండి. పొద్దున పీరియడ్‌లో పంచేస్తుంటే మధ్యాహ్నానికి మార్చండి, అన్నం, గుడ్డు తిన్నాక, క్లాసులోనే, మీ ముందే వేసుకోవాలి. పిల్లల ముందు మీరూ ఒకటి వేసుకోండి, టీచర్లు కూడా వేసుకుని చూపించాలన్నది ఈ వారం మాత్రల కార్యక్రమంలోనే ఉంది, నా అనుభవంలో పది ఉపన్యాసాల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. నల్లగా వస్తుంది, భయం లేదు అని ముందే చెప్పండి. ఆ తండ్రిని కూడా కోపం చల్లారాక పిలిచి, ఆయన కూతురు ఆ రోజు ఏం తిని వచ్చిందో అడగండి. వాంతి చేసుకున్న పిల్లకు పూచీ ఎవరని అడిగే హక్కు ఆయనకుంది, దానికి మీ దగ్గర ఏఎన్‌ఎం ఫోన్ నంబరూ, మీరు రాసుకున్న తేదీలూ ఉంటే జవాబు ఉన్నట్టే.

తిండి విషయంలో ఆ ఇంటికి కొత్త ఖర్చు పెట్టకండి. ఒక గ్లాసు పాలు పిల్లకు ఉంచమని తల్లితో అనడం మంచిదే, కానీ పాలల్లో ఇనుము దాదాపు ఉండదని కూడా గుర్తుంచుకోండి. రాత్రి మిగిలిన సంగటి ముద్ద మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నంజుకుని తాగడానికి రెండు నిమిషాలు పట్టదు, మనవైపు ఆ అలవాటు ఇంకా పోలేదు, పిల్లలే టీకి మారిపోయారు. జేబులో గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు. ఉలవలు, మునగాకు, చలికాలమైతే అనపగింజలు, వీటితో పాటు ఒక నిమ్మచెక్కో, జామకాయో ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం తిండికి గంట ముందో వెనకో, తిండితో పాటు తాగితే ఉన్న ఇనుము కూడా ఒంటికి పట్టదు. బడిలో ఇచ్చే రాగి జావ ఏ టైముకి పోస్తున్నారో చూడండి. తొమ్మిది గంటలకే పోస్తే ఆటోలో వచ్చే పిల్లలకు అదే టిఫిను.

కానీ నన్నడిగితే మీ బడిలో అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్ర కాదు, గడియ. మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్లు వస్తాయి, నీళ్లు తాగకపోతే తలనొప్పి, మలబద్ధకం, కళ్లు తిరగడం. ఏ పోషకాహార పాఠం చెప్పినా ఆ తలుపు వేసుకోనంతవరకూ ఆ పిల్లలు నీళ్లు తాగరు. హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి ఆరోగ్య కార్యక్రమం పేరుతో వెళ్లకండి, ఆయనకు అది ఇంకో రికార్డు రాయడంలా వినిపిస్తుంది. ఒక్కటి అడగండి, రెండు తలుపులకు లోపలివైపు గడియలు, ఒక మూత ఉన్న చెత్తబుట్ట. కొన్ని వందల్లో అయిపోయే పని. రిజల్ట్ ఆయన బెంగ కాబట్టి లెక్క ఆయన భాషలోనే చెప్పండి: నెలకు మూడు రోజులు రాని పిల్ల పది నెలల్లో ముప్పై రోజుల పాఠం పోగొట్టుకుంటుంది, ఆ ముప్పై రోజులూ పదో తరగతి లెక్కల పేపరులో కనిపిస్తాయి. అయినా కదలకపోతే తల్లులున్నారు. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం 15,000లో 2,000 బడుల నిర్వహణకు, మరుగుదొడ్లకు అని తీసి పక్కన పెడుతున్నారు, అంటే అది వాళ్ల డబ్బే. పేరెంట్స్ కమిటీ మీటింగులో మీరు కాకుండా ఒక తల్లి లేచి ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సిందే. అయితే వెనక మీరున్నారని ఆయనకు తెలుస్తుంది, కొన్నాళ్లు మాటలు కరువవుతాయి. అందుకే ముందు నేరుగా అడిగి, కొంచెం గడువిచ్చి, తర్వాతే అటు వెళ్లమంటున్నాను.

ఈ బాధ్యత వదిలేయాలా అని అడిగారు. వదిలేస్తే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు, ఆ పేరు ఇంకొకరికి మారుతుంది, రిజిస్టరు నిండుతుంది. కానీ ఆ పిల్ల ల్యాబ్‌లో వెనకుండిపోయింది మీ దగ్గర, రిజిస్టరులో పేరున్నందుకు కాదు. ఒంటరిగా మాత్రం కొనసాగకండి. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఈ ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది, వీలైతే ఒక మేడం, ఒక సార్. వారానికి ఒక గంట, 24 వారాలు, తిండి దగ్గర్నుంచి మనసు బాధలు, మత్తు, ఫోను దాకా 11 విషయాలు చెప్పాలి. ఆ గంట టైంటేబుల్లో రాయించండి, అది మీ సొంత సరదా కాదని స్టాఫ్‌రూమ్‌కు తెలియాలి. పీఈటీ సార్‌ను మీతో కలుపుకోండి. ఆ రోజు పిల్లను ఎత్తుకొచ్చింది ఆయనే కదా, మగపిల్లలు ఆయన మాట వింటారు, నెలసరి పాఠం చెబుతుంటే వెనక బెంచీలో నవ్వే కుర్రాళ్లను బయటికి పంపేయకుండా కూర్చోబెట్టి చెప్పడానికి ఒక మగ టీచరు తోడు కావాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చదువుకునే ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని, చిన్న సంస్థలకు బయటి నిపుణులతో సంబంధం ఉండాలని చెప్పింది. మీ బడికి ఆ కౌన్సెలర్ ఎప్పుడొస్తారో గానీ, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక లెటరు మాత్రం హెడ్‌మాస్టర్ గారి సంతకంతో పెట్టించండి, అడిగినట్టు కాగితం ఉండాలి.

మీవారి మాట విని బాధపడకండి, ఆయన భయపడేది మీ కోసమే, ఆ తండ్రి కేకలు ఆయన చెవిన కూడా పడి ఉంటాయి. ఈ విషయంలో మీకు రక్షణ ఒక నోట్‌బుక్. ఏ తేదీన పిల్లతో ఏం మాట్లాడారు, ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు, రెండేసి లైన్లు. పిల్ల పేరు అందులో రాయకండి, పొడి అక్షరాలు కూడా వద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకోండి. స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద ఉంచకుండా మీ బీరువాలోనే పెట్టండి. టెలీ మానస్‌తో మాట్లాడిన రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి, పిల్లతో మాట్లాడటం మాత్రం రేపటికి మించి వాయిదా వేయకండి.